మా ఇంటి తాబేలు, రెండు చలికాలాలు

నవంబరు సగం దాటాక, పొద్దున్నే నల్లా కింద చెయ్యి పెడితే వేళ్లు జివ్వుమనే రోజొకటి వస్తుంది. ఆ రోజు నేను అల్మారా మీంచి అట్టపెట్టె దించి, అందులోని హీటరు తీసి, బకెట్టు నీళ్లలో ముంచి పనిచేస్తోందా లేదా చూసుకుంటాను. ఇంట్లో గీజరు బాగుచేయించడం వారం ఆలస్యమైనా మా ఆవిడ ఏమీ అనదు. ఈ హీటరు ఒక్కరోజు ఆలస్యమైతే మాత్రం మా అమ్మ ఫోన్లోనే పట్టేస్తుంది.

అది తాబేలు హీటరు. దాని వెనక రాంనగర్‌లో మేం అద్దెకున్న ఇల్లుంది, మా నాయనమ్మ ఉంది, రెండు చలికాలాలున్నాయి.

2002 వానాకాలంలో మా మేనమామ పెళ్లిబట్టలు కొనడానికి పాతబస్తీకి పోయి, బట్టలతో పాటు ఒక పాలిథీన్ కవర్లో నీళ్లు పట్టుకొచ్చాడు. నీళ్లలో ఏదో ఆకుపచ్చగా కదులుతోంది. ఐదు రూపాయల బిళ్లకంటే ఒకింత పెద్దది. కళ్ల వెనక కుంకుమతో గీసినట్టు ఎర్రచార. నేను ఏడో తరగతి, చెల్లెలు నాలుగు. మేమిద్దరం ఆ కవరు కోసం కొట్టుకున్న కొట్లాటకి పెళ్లిబట్టలు ఎవరూ చూడలేదు. అమ్మినవాడు మామతో "ఇత్తాచ్ రహతా సాబ్, బడా నై హోతా" అన్నాడట. ఇంతే ఉంటుంది, పెద్దదవదు అన్న ఆ మాట నమ్మి అమ్మ ఇంట్లో ఉండనిచ్చింది. ఇప్పుడది జానెడుకి కాస్త తక్కువ.

నాన్న ఆర్టీసీ వర్క్‌షాపులో మెకానిక్కు, పేపర్లో గళ్ల నుడికట్టు వదలని మనిషి. "కూర్మి అని పెడదాం. కూర్మమూ ఉంటది, ప్రేమా ఉంటది" అన్నాడు. మేమందరం కూర్మి అనేవాళ్లం. నాయనమ్మ మాత్రం చివరిదాకా "తాంబేలు" అనే పిలిచింది. పెరిగాక దాని ముందుకాళ్ల గోళ్లు సూదుల్లా పొడుగ్గా వచ్చాయి. కత్తిరించాలేమో అనుకున్నాం. మగవాటికి అలాగే పెరుగుతాయని తర్వాత తెలిసింది. పేరు మార్చడానికి అప్పటికే ఆలస్యమైంది.

మొదటి చలికాలం అది వంటింట్లో ఉంది. పొయ్యి గట్టు కింద ఒక ప్లాస్టిక్ టబ్బు, అందులో ఒక ఇటుక ముక్క, నాలుగు వేళ్ల లోతు నీళ్లు. డిసెంబరు వచ్చేసరికి తిండి తగ్గించింది. రోజూ చేపల గింజలు వేయగానే దూకేది కాస్తా, వాసన చూసి మొహం తిప్పుకునేది. ఒక పొద్దున నేను చూసేసరికి నీళ్ల అడుగున మెడ లోపలికి లాక్కుని రాయిలా ఉంది. కదిలిస్తే కదల్లేదు. చెల్లెలు ఏడుపు మొదలుపెట్టింది. అమ్మ దాన్ని ఎక్కడ పూడ్చాలా అని పెరడు వైపు చూస్తోంది. పెరడంటే పెద్దదేమీ కాదు, ఒక కరివేపాకు చెట్టు, ఒక హౌజు.

నాయనమ్మ గొంగడి కప్పుకుని వచ్చి, కూర్చుని, చూపుడువేలితో దాని వెనక కాలు మెల్లగా తాకింది. కాలు ఒక నూలుపోగంత లోపలికి పోయింది.

"ఒర్రకుండ్రి. సచ్చిపోలే. పండుకుంది. తాంబేళ్లు పండుకుంటయి."

ఆమెకి ఎలా తెలుసో కూడా చెప్పింది. నల్లగొండ జిల్లాలో మా ఊరి చెరువులో తాబేళ్లు ఉండేవట. చెరువు ఎండిపోతుంటే అవి బురదలోకి దూరి, మీద మన్ను పర్రెలు విచ్చినా కదలకుండా లోపలే ఉండేవట. మిరుగు కార్తెలో మొదటి వాన పడగానే ఒక్కొక్కటే మట్టి తోసుకుని బయటికి వచ్చేవట. చిన్నప్పుడు మా తాతా, ఆమె అన్నా నాగలి కర్రుకి తగిలిన తాబేలుని తీసి మళ్లీ అదే గుంతలో పెట్టి మన్ను కప్పేవాళ్లట. "నిద్రపాడు చేస్తే పాపం" అనేది. ఈ కథ ఆ చలికాలం కనీసం ఇరవైసార్లు విన్నాం. ఒక్కోసారి ఒక్కో తాబేలు.

మేం నమ్మాం. నమ్మకుండా ఎలా ఉంటాం? శివరాత్రికి చలి శివశివా అని పోయింది, కూర్మి లేచింది. లేచి మూడు రోజుల్లో గింజలు నమలడం మొదలుపెట్టింది. నాయనమ్మ చుట్టుపక్కల నాలుగిళ్లలో తాబేళ్ల డాక్టరు అయిపోయింది. అసలు సంగతి ఇప్పుడు నాకు తెలుసు. ఆ యేడు కూర్మిని కాపాడింది పొయ్యి. అమ్మ పొద్దున నాలుగున్నరకే నాన్న డ్యూటీ కోసం పొయ్యి వెలిగించేది, మళ్లీ రాత్రి పదిదాకా ఏదో ఒకటి ఉడుకుతూనే ఉండేది. టబ్బులో నీళ్లు నులివెచ్చగా ఉండేవి. మధ్యాహ్నాలు అది లేచి ఒకటో రెండో గింజలు తినేది కూడా. మేమే లెక్కలోకి తీసుకోలేదు. నిద్ర అన్నాక నిద్రే.

రెండో యేడుకి అది అరచేయంత అయ్యింది. ఇల్లంతా వాసన వస్తోందని అమ్మ గొడవపెడితే, నాన్న దాన్ని పెరట్లో హౌజులోకి మార్చాడు. సిమెంటు హౌజు, మంజీర నీళ్లు వచ్చే రోజున నింపుకునేది. అందులో సగం కూర్మికి ఇచ్చి, మనుషుల నీళ్లకి వేరే డ్రమ్ము కొన్నారు. కార్తీకం దాకా బాగానే ఉంది. పుష్యమాసం వచ్చింది. పూస గుచ్చ పొద్దుండదంటారే, అట్లా వచ్చిన ఎండ వచ్చినట్టే గోడ దాటి పోయేది. హౌజు మీద ఎండ ఉండేది మహా అయితే గంటన్నర. రాత్రుళ్లు ఇగం పెట్టేది. పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు ఇంకా తక్కువ ఉందని పేపర్లో వేసేవాళ్లు. పేపర్లో అంకె చూసి దుప్పటి మీద బొంత కప్పుకున్నాం. హౌజులో చెయ్యి పెట్టి చూసినవాళ్లు మాత్రం లేరు.

కూర్మి మళ్లీ తిండి మానేసింది. మళ్లీ కదలడం తగ్గింది. ఈసారి ఎవరమూ భయపడలేదు. "పండుకుంది" అంది నాయనమ్మ. అందరం తలూపాం.

మొదట పట్టింది చెల్లెలే. స్కూలు నుంచి వచ్చి హౌజు దగ్గర నిలబడి "ఇది ఒక్కపక్కకే ఒరుగుతోందిరా అన్నా" అంది. చూస్తే నిజమే. పోయినేడు అడుగున రాయిలా పడుకున్నది ఈసారి పైన తేలుతోంది. ఎడమ పక్క నీళ్లలో, కుడి పక్క గాల్లో. లోపలికి పోవాలని కాళ్లు ఆడిస్తోంది గానీ పోలేకపోతోంది. ముక్కు దగ్గర చిన్న బుడగ వచ్చి పగిలింది, ఇంకోటి వచ్చింది. కళ్లు ఉబ్బి మూసుకున్నాయి. చెవి దగ్గరగా పెడితే సన్నగా ఈల లాంటి చప్పుడు.

"జరమొచ్చిందేమో" అంది అమ్మ. నాన్న ఇంట్లో థర్మామీటరు తెచ్చి నీళ్లలో ముంచాడు. పాదరసం కదల్లేదు. తీసి విదిలించి మళ్లీ ముంచాడు. కదల్లేదు. "జరం లేదు" అని నాయనమ్మ తీర్పు చెప్పింది. మనుషుల జ్వరం చూసే థర్మామీటరు 94 ఫారెన్‌హీట్ దగ్గర మొదలవుతుంది, చల్లటి నీళ్లలో దాన్ని రోజంతా ఉంచినా కదలదని మా ఐదుగురిలో ఎవరికీ తట్టలేదు. మర్నాడు నాన్న అక్వేరియం సామాన్ల కొట్లో గోడకి అంటించే థర్మామీటరు కొనుక్కొచ్చాడు. పొద్దున ఆరింటికి పదిహేడు చూపించింది.

ఈలోగా నాయనమ్మ తన వైద్యం మొదలుపెట్టబోయింది. మా ఇంట్లో తలనొప్పికీ కడుపునొప్పికీ జలుబుకీ ఒకటే మందు, జిందాతిలిస్మాత్. ఆ చిన్న సీసా మూత తీసి ఒక్క బొట్టు దాని ముక్కుకి రాద్దామని కూర్చుంది. నాన్న చెయ్యి పట్టుకుని ఆపాడు. వాళ్లిద్దరి మధ్య అప్పుడు జరిగిన లొల్లి మా వాడకట్టు అంతా విన్నది.

ఆదివారం పోయి సోమవారం, అట్టపెట్టెలో తువ్వాలు పరిచి, కూర్మిని పెట్టుకుని, నారాయణగూడ పశువుల దవాఖానకి ఆటోలో పోయాం. నాన్న, నేను, నాయనమ్మ. ఆమెని రావద్దంటే వినలేదు. మా ముందు ఒక మేక, రెండు కుక్కలు, ఒక చిలుక. డాక్టరు కుర్రాడే. అట్టపెట్టె తెరిచి చూసి, దాన్ని చేతిలోకి తీసుకుని, నోరు తెరిపించి చూశాడు. ఎక్కడ ఉంచుతున్నారు, ఏం పెడుతున్నారు, ఎన్నాళ్లయింది తినక అని అడిగాడు.

"ఏం కాలే సారూ, పండుకుంది" అంది నాయనమ్మ.

ఆయన నవ్వలేదు. అందుకే ఆయన నాకిప్పటికీ గుర్తు. "మీ ఊరి చెరువుల తాబేళ్లు ఎప్పుడు పండుకుంటయమ్మా?" అని అడిగాడు.

"ఎండకాలం. నీళ్లెండినంక."

"ఇది చలికి పండుకునే జాతమ్మా. ఈ దేశంది గాదు. అమెరికాలో మిసిసిపీ అని పెద్ద నది ఉన్నది, ఆ దిక్కుది. అక్కడ చలికాలం ఇవి నీళ్ల అడుగుకు పోయి నెలల తరబడి ఉంటయి."

నాయనమ్మ కాసేపు ఆలోచించింది. తర్వాత ఒక ప్రశ్న అడిగింది. అంతకంటే మంచి ప్రశ్న ఆ తర్వాత నేను చదివిన ఏ పుస్తకంలోనూ చూడలేదు. "మరి దీనికి మన సలి ఎక్కువైందా సారూ, తక్కువైందా?"

"అదేనమ్మా గడబిడ. పండుకునేంత చలి గాదు, తిన్నది అరిగించుకునేంత వేడి గాదు. నడుమ చిక్కింది."

ఆయన విడమరిచి చెప్పినవి నాకు ఆరోజు సగమే అర్థమయ్యాయి. మిగతా సగం పెద్దయ్యాక చదువుకున్నాను. తాబేలు ఒంట్లో దాని సొంత కుంపటి ఉండదు. నీళ్లు ఎంత వెచ్చగా ఉంటే ఒళ్లు అంత. అక్కడ దాని చుట్టాలు పడుకునే చెరువులు పైన గడ్డకట్టినా అడుగున నీళ్లు నాలుగు డిగ్రీల దగ్గర స్థిరంగా ఉంటాయి. ఆ చల్లదనంలో గుండె నిమిషానికి కొన్ని సార్లే కొట్టుకుంటుంది, ఆకలి ఉండదు, పైకి వచ్చి గాలి పీల్చే పని కూడా దాదాపు ఉండదు. చర్మం గుండా, నోటి లోపలి పొర గుండా నీళ్లలోని ఆక్సిజనే కొంచెం కొంచెం తీసుకుని బతికేస్తుంది. పడుకోబోయే ముందే తిండి మానేసి కడుపు ఖాళీ చేసుకుంటుంది. ఎందుకంటే చల్లబడ్డ ఒంట్లో తిన్నది అరగదు, లోపలే కుళ్లుతుంది. మా హౌజులో జరిగింది వేరు. రాత్రి చల్లబడేది, మధ్యాహ్నం కొంచెం వెచ్చబడేది, మళ్లీ చల్లబడేది. పడుకుందామంటే లేపేవాళ్లం, లేద్దామంటే చలి. రోగాన్ని తోసే శక్తి మాత్రం మందగించింది, రోగం మందగించలేదు. జలుబు ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఒక పక్క ఊపిరితిత్తి పాడైతే ఆ పక్క బరువెక్కి తాబేలు ఒరుగుతుంది. చెల్లెలు చూసింది అదే.

ముందుకాలికి ఇంజెక్షన్ ఇచ్చాడు. వెనకకాలికిస్తే మందు ముందుగా మూత్రపిండాల గుండా పోతుందట. రోజు విడిచి రోజు ఐదు ఇంజెక్షన్లు. నీళ్లు ఇరవై ఆరు, ఇరవై ఏడు డిగ్రీలకి తగ్గకూడదు. ఎక్కి ఆరబెట్టుకోవడానికి పొడి రాయి, దాని మీద బల్బు. గింజలకి తోడు బొమికె గట్టిపడడానికి సముద్రపు నురుగు ముక్క వేయమన్నాడు, చిలకలకి పెడతారే, అదే. కిటికీ దగ్గర పెడతామని నాన్న అంటే, "అద్దం తెరిచి పెట్టండి. అద్దంలోంచి వచ్చే ఎండలో దానిక్కావాల్సింది ఉండదు" అన్నాడు. చివరికి చేతులు సబ్బుతో కడుక్కోమన్నాడు. అమ్మ ఆ పని మాతో మొదటిరోజు నుంచీ చేయిస్తూనే ఉంది, ఎంగిలీ మైలా అని. అమెరికాలో నాలుగంగుళాల లోపు తాబేళ్లని అమ్మకూడదని 1975లోనే ఆపేశారట. పిల్లలు వాటిని పట్టుకుని అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటే సాల్మొనెల్లా అనే రోగక్రిమి అంటుతోందని. అమ్మ కారణం వేరైనా చేయించింది సరైనదే.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నాయనమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇంటి ముందు దిగాక అట్టపెట్టె నా చేతిలోంచి తీసుకుంది. అప్పటినుంచి కూర్మి బాధ్యత ఆమెదే.

నాన్న బిస్కెట్ల రేకు డబ్బా కోసి గొడుగులా వంచి, లోపల హోల్డరు బిగించి, అరవై క్యాండిల్ బల్బు పెట్టాడు. వర్క్‌షాపులో బస్సుల కింద పడుకునే మనిషికి ఇదొక లెక్కా? రాయికి మూరెడు ఎత్తున వేలాడదీశాడు. జూలో పాములకి చలికాలం బల్బులు పెట్టారని పేపర్లో వచ్చిన ఫొటో కత్తిరించి అమ్మకి చూపించాడు, కరెంటు బిల్లు గొడవ రాకుండా. కానీ బల్బు రాయిని వేడి చేస్తుంది, నీళ్లని కాదు. అక్వేరియం హీటరు ధర విని ఆ నెల వాయిదా వేశాం. అందుకని నీళ్ల సీసాలు. తాగేసిన ప్లాస్టిక్ సీసాల్లో కాగిన నీళ్లు పోసి, మూత బిగించి టబ్బులో తేలేసేవాళ్లం. చల్లారగానే తీసి ఇంకో జత.

రాత్రిపూట ఆ పని నాయనమ్మది. ఆమెకి ఎలాగూ నిద్ర పట్టేది కాదు. ఒంటిగంటకొకసారి, మూడింటికొకసారి లేచి స్టవ్వు మీద సర్వతో నీళ్లు పెట్టేది. నేను దుప్పట్లోంచి వినేవాణ్ని, సర్వ చప్పుడు, సీసాలు ఒకదానికొకటి తగిలే చప్పుడు, ఆమె గొంతు. దాంతో మాట్లాడేది. "నీదేవూరే? ఏడికెల్లి తెచ్చిండ్రే నిన్ను? ఈడ పండుకోరాదు, లే. పండుకున్నవంటే పోతవు. లే." పోయినేడు నిద్ర పాడుచేయొద్దన్న మనిషి.

జనవరిలో నాంపల్లిలో నుమాయిష్‌కి పోయాం, నాయనమ్మ తప్ప అందరం. తనకి కాళ్లనొప్పులంది గానీ సీసాలు మార్చేవాళ్లుండరని మాకు తెలుసు. కాశ్మీరీవాళ్ల స్టాల్లో నాన్న ఆమెకి ఒక శాలువా కొన్నాడు, మెరూన్ రంగుది, అంచుకి బూటాలు. రాత్రి పదకొండు దాటాక ఇల్లు చేరేసరికి ఆమె టబ్బు పక్కన పీటేసుకుని కూర్చుని ఉంది.

"తిన్నది" అంది. "రెండు ఎండురొయ్యలు."

పద్దెనిమిది రోజులుగా ఏమీ తినలేదు. నాన్న నమ్మలేదు. "నీళ్లల్ల పడి ఉంటయమ్మా, చూడు" అన్నాడు. "నేనేమన్న అబద్ధమాడుతనా? లెక్కబెట్టుకో డబ్బాల" అని రొయ్యల డబ్బా అతని ముందు పెట్టింది, ఏదో ముందే లెక్కపెట్టి ఉంచినట్టు. నాన్న శాలువా చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని విప్పి, రెండు చేతులతో ఒత్తి చూసి, మంచి వెచ్చగుంది అని, తీసుకుపోయి టబ్బు చుట్టూ చుట్టింది. అమ్మ నోట మాట రాలేదు. ఆ శాలువా ధర అమ్మకి తెలుసు మరి.

సాక్ష్యం మర్నాడు పొద్దున దొరికింది. టబ్బు నీళ్లలో తేలుతూ. ఇంట్లో అందరం చుట్టూ మూగి పెంటని చూసి సంతోషపడ్డ రోజు మా జీవితంలో అదొక్కటే.

ఫిబ్రవరి ఆఖరుకి అది తిన్నగా ఈదింది. ఆ వేసవిలో నాన్న హీటరు కొన్నాడు. తర్వాత ఏ చలికాలమూ దాన్ని పడుకోనివ్వలేదు.

ఎందరో చెప్పారు, పెద్దదైపోయింది కదా, ఏ చెరువులోనో గుడి కోనేట్లోనో వదిలేయండి, పుణ్యం అని. ఒకసారి నాన్న కూడా మెత్తబడ్డాడు. నాయనమ్మే అడ్డుపడింది. "మన చెరువు తాంబేళ్లకు దీని రోగమంటితే? దీనికి వాటి నిద్ర తెల్వది, వాటికి దీని నిద్ర తెల్వది" అంది. ఈ ఎర్రచెవుల తాబేలు ప్రపంచంలో స్థానిక జాతులకి ఎక్కువ చేటు చేసే వంద జీవుల జాబితాలో ఉందని, యూరప్‌లో 1997లోనే దిగుమతి ఆపేశారని నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను. మన చెరువు తాబేళ్లని పట్టి ఇంట్లో పెట్టుకుంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. వాటిని నాయనమ్మ పట్టలేదు, మన్ను కప్పి వదిలేసింది. బయటినుంచి వచ్చినదాన్ని మాత్రం వదల్లేదు.

నాయనమ్మ పోయి పదేళ్లు దాటింది. మేం ఇప్పుడు బీరంగూడలో ఉంటున్నాం, పటాన్‌చెరు పక్కనే, అంటే చలికి మరీ దగ్గరగా. బాల్కనీలో కాదు, హాల్లోనే పెద్ద గాజు తొట్టి. హీటరు ఇరవై ఐదు దగ్గర ఆగుతుంది. కరెంటు పోతే ఇన్వర్టరు, అదీ పోతే అల్మారాలో సీసాలున్నాయి. పాత సీసాలు కావు గానీ పద్ధతి పాతదే. శాలువా అమ్మ దగ్గర ఉంది. ఒక మూల బల్బు తగిలి కాలిన చిల్లు ఉంది. రఫూ చేయిస్తానంటే వద్దంటుంది.

నిన్న రాత్రి ఫోన్ చేసింది. తన మోకాళ్లు, చెల్లెలి కొడుకు జలుబు, చిక్కుడుకాయ ధర, అన్నీ అయ్యాక అడిగింది.

"తాంబేలు పండుకుందారా?"

నాయనమ్మ పోయాకే అమ్మ తాంబేలు అనడం మొదలుపెట్టింది.

"పండుకోనియ్యలేదమ్మా."

"ఊఁ" అని పెట్టేసింది.